వార్సాలో ఒక పాల క్యాను

పోలండ్ రాజధాని వార్సాలో యూదుల చరిత్ర తెలుసుకోవాలని వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే. ముందు త్వొమాత్స్కియె వీధిలోని యూదు చారిత్రక సంస్థకు వెళ్లండి, పెద్ద మ్యూజియం ఆ తర్వాత.

మొదటి రోజు ఒక పూట పర్యటన బస్సు ఎక్కాను. ఘెట్టో (యుద్ధకాలంలో నాజీలు యూదులను బంధించి ఉంచిన పేట) వీరుల స్మారకం దగ్గర ఫొటోలకు పది నిమిషాలు ఆపారు. ఆ నేలలో దాచిన కాగితాల గురించి గైడు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ డబ్బు దండగే. స్మారకానికి ఎదురుగానే ఉన్న పెద్ద మ్యూజియం, పోలండ్ యూదుల చరిత్ర చూపే పోలిన్, మాత్రం అద్భుతం. వెయ్యేళ్ల చరిత్ర, రంగులద్దిన ప్రార్థనా మందిరపు పైకప్పు చూడటానికి నాలుగు గంటలైనా కావాలి. అయితే యుద్ధకాలపు గదులకు చేరేసరికి బాగా అలసిపోతాం. మంగళవారం సెలవు.

చారిత్రక సంస్థ చిన్నది. రతుష్ ఆర్సెనల్ మెట్రో నుంచి అయిదు నిమిషాల నడక. లోపలికి వెళ్లగానే నేల చూడండి. 1943 మే నెలలో నాజీలు పక్కనున్న మహా ప్రార్థనా మందిరాన్ని పేల్చేసినప్పటి మంటల మచ్చలు ఇంకా ఉన్నాయి.

మసక వెలుతురులో ఒక పాల క్యాను కనిపిస్తుంది. మన పాలకేంద్రాల్లో ఉండే లాంటిదే, తుప్పు పట్టింది. చరిత్రకారుడు ఇమ్మానుయేల్ రింగెల్‌బ్లుమ్, ఆయన మిత్రులు 1940 నుంచి ఘెట్టోలో రహస్యంగా సేకరించిన కాగితాల్లో కొన్ని అందులోనే దాగాయి. డైరీలు, ఉత్తరాలు, పిల్లల వ్యాసాలతో పాటు రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు కూడా దాచారు. ఆకలితో చస్తూ మిఠాయి కాగితం ఎందుకు దాచారో అర్థమవడానికి నాకు చాలాసేపు పట్టింది. తాము ఎలా చనిపోయామో ఒక్కటే కాదు, ఎలా బతికామో కూడా తెలియాలని వాళ్ల తపన.

1942 ఆగస్టులో పది రేకు పెట్టెలు, 1943 ఫిబ్రవరిలో రెండు పాల క్యాన్లు నొవొలిప్కి వీధిలోని ఒక బడి కింద పాతిపెట్టారు. పాతినవారిలో ఒకడైన దావిద్ గ్రాబర్‌కు అప్పుడు 19 ఏళ్లు. రింగెల్‌బ్లుమ్‌ను 1944లో కుటుంబంతో సహా చంపేశారు. బృందంలో బతికి బయటపడినవారు ముగ్గురే. వారిలో ఒకరైన రాఖెల్ ఔయెర్‌బాఖ్ వెతకమని పట్టుబట్టారు. 1946లో పెట్టెలు, 1950లో క్యాన్లు దొరికాయి. పెట్టెల్లోకి నీళ్లు చేరి చాలా పేజీల్లో సిరా చెదిరిపోయింది. మొత్తం 35,000 పేజీల వరకు మిగిలాయి.

శనివారం ఈ సంస్థ తెరవరు. ఆ బృందం కలుసుకున్నది శనివారాల్లోనే. అందుకే దానికి ‘ఒనెగ్ షబ్బత్’ అని, అంటే విశ్రాంతి దినపు ఆనందమని పేరు పెట్టుకున్నారు.

బసకు మురనూవ్ పేటలో అద్దె ఫ్లాటు తీసుకున్నాను. శుభ్రం, నిశ్శబ్దం. లిఫ్టు లేదు కాబట్టి పెద్దవాళ్లతో వెళ్తే కష్టం. రోజంతా చెల్లే టికెట్ ఒకటి కొంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ సరిపోతుంది. శాకాహారులు ‘పాల బార్’ అనే చవక భోజనశాలల్లో బంగాళాదుంప, జున్ను కూరిన పియెరోగి (కజ్జికాయల్లాంటి వంటకం) తినవచ్చు. పైన పంది కొవ్వు ముక్కలు చల్లవద్దని ముందే చెప్పాలి.

ఆ పేటలో చాలా ఇళ్లు వీధి కంటే ఎత్తులో ఉంటాయి. కూలిన ఘెట్టో శిథిలాల గుట్టల మీదే వాటిని కట్టారు. ఆ పెట్టెలు, క్యాన్లు కాక మూడో విడతగా దాచిన కాగితాలు ఇప్పటికీ దొరకలేదు. రోజూ సాయంత్రం మెట్లెక్కి గదికి వెళ్తున్నప్పుడు కాళ్ల కిందికే చూస్తూ నడిచాను.