జూన్ 11కి బిగ్ ఐలండ్‌లో ఉంటే కోహాలా వదలొద్దు

హవాయి అనగానే మనవాళ్ళ ప్లాన్ అంతా వైకీకీ బీచ్, లావా, హెలికాప్టర్, వీటి చుట్టూనే తిరుగుతుంది. వేసవికి ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, కుదిరితే జూన్ 11 కలిసొచ్చేలా చూసుకోండి. అది కమేహమేహా డే. హవాయి దీవులన్నిటినీ 1810 కల్లా ఒకే రాజ్యం చేసిన మొదటి కమేహమేహా పుట్టింది బిగ్ ఐలండ్ ఉత్తర కొసన ఉన్న కోహాలాలోనే, అందుకని అక్కడివాళ్ళకి ఇది వాళ్ళింటి పండగ.

కోనా ఎయిర్‌పోర్ట్ నుంచి గంట పైన డ్రైవ్. కపావు అనే చిన్న ఊరు, రోడ్డు పక్కనే ఆయన విగ్రహం. దీని కథ వినాలి అసలు, పారిస్‌లో పోతపోసి ఓడలో పంపిస్తే ఫాక్లాండ్ దీవుల దగ్గర ఆ ఓడ మునిగిపోయింది, ఇన్సూరెన్స్ డబ్బులతో ఇంకోటి చేయించారు, ఆ తర్వాత మొదటిది కూడా సముద్రంలోంచి బయటపడింది. రెండోది హోనొలులూలో పెట్టారు, ఫొటోల్లో అందరూ చూసేది అదే. అసలుది మాత్రం 1883లో ఇక్కడికొచ్చింది. హోనొలులూ విగ్రహం నల్లగా, బంగారు పూతతో దర్జాగా ఉంటుంది, కపావుది రంగులు వేసి మనిషిలా ఉంటుంది. నాకైతే ఇదే నచ్చింది.

పొద్దున్నే పూలదండలు వేసే కార్యక్రమం. రాయల్ ఆర్డర్ ఆఫ్ కమేహమేహా అనే సంఘం వాళ్ళు తెల్లబట్టల మీద ఎరుపు పసుపు కేప్‌లు కట్టుకుని వరసగా నిలబడ్డారు. శంఖం ఊదగానే మా అత్తయ్య ఠక్కున చేతులు జోడించేసింది. నిచ్చెన ఎక్కినాయన బారెడు కాదు, చాలా బారల పొడవున్న దండని విగ్రహం చాచిన చేతికి తగిలించి, మడత పడినచోట మళ్ళీ తీసి సరిచేసి, కిందున్న పెద్దాయన తల ఊపాకే దిగాడు. ఎవరూ తొందరపెట్టలేదు. పూలవాసన రోడ్డు దాకా వస్తోంది.

ఈ సంఘాన్ని 1865లో మొదటి కమేహమేహా మనవడు ఐదో కమేహమేహా పెట్టాడు. 1893లో రాజరికాన్ని కూలదోశాక సంఘం బహిరంగంగా నడిచే పరిస్థితి పోయింది, 1903లో ప్రిన్స్ కూహియో మళ్ళీ నిలబెట్టాడు. దీవుల్లో చాప్టర్లున్నాయి, బిగ్ ఐలండ్ తూర్పు తీరంలో ఉన్న హీలో ఊళ్ళోదాని పేరు మామలహోవా. పండగరోజు కేప్ వేసుకోవడంతో అయిపోదు వీళ్ళ పని, పాత గుడిస్థలాల దగ్గర క్రతువుల్లో నిలబడతారు, మౌనా కేయా కొండ మీద అదనపు టెలిస్కోపులు వద్దంటూ నడిచిన కేసులో కూడా ఈ సంఘం ఉంది. నా ఉద్దేశంలో ఆ రాజు వారసత్వం విగ్రహంలో కంటే ఈ పనిలోనే ఎక్కువుంది.

తర్వాత పక్క ఊరు హావీ నుంచి కపావు దాకా పరేడ్. గుర్రాల మీద పావూ అనే పొడవాటి లంగాలు కట్టుకున్న రైడర్లు, ఒక్కో దీవికి ఒక్కో రంగు, ఒక్కో పువ్వు. హవాయి దీవికి, అంటే బిగ్ ఐలండ్‌కే, ఎరుపు, లెహువా పువ్వు, మావీకి గులాబీరంగు. నీడ తక్కువ, పెద్దవాళ్ళకి మడతకుర్చీ, గొడుగు, నీళ్ళు తప్పనిసరి. రోడ్డు మూసేస్తారు కాబట్టి ముందే చేరుకోండి. హోనొలులూ పరేడ్ పెద్దదే కానీ అది శనివారం చూసి పెడతారు, జనం కూడా ఎక్కువ.

దారిలో పుకోహోలా హేయవ్ అనే పాత గుడిస్థలం దగ్గర ఆగండి, నేషనల్ పార్క్ సర్వీస్‌ది, టికెట్ లేదు. కూ అనే యుద్ధదేవుడికి ఇక్కడ గుడి కడితే దీవులన్నీ నీవే అని పూజారి చెబితే కమేహమేహా 1790-91లో సున్నం, మట్టి ఏమీ లేకుండా ఒట్టి రాళ్ళు పేర్చి కట్టించాడు. పోలోలూ లోయ నుంచి మనుషులు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ రాళ్ళు అందించారని చెబుతారు. పైకి ఎక్కనివ్వరు, కిందనుంచే చూడాలి, మధ్యాహ్నం మాత్రం వెళ్ళొద్దు, మాడిపోతారు.

హీలోలో కమేహమేహా విగ్రహం ఇంకోటి వైలోవా పార్కులో ఉంది, 14 అడుగులు. అసలు కవాయి దీవికి చేయించారు, మా దీవిని ఆయన యుద్ధంలో గెలవలేదు కదా అని అక్కడివాళ్ళు వద్దన్నారు, అలా 1997లో ఇక్కడికి చేరింది. హీలో లైబ్రరీ ముందున్న నాహా రాయి కూడా చూడండి, కమేహమేహా కుర్రాడిగా ఉన్నప్పుడే దాన్ని కదిలించాడని కథ.

బస సంగతి. కోహాలాలో రూములు చాలా తక్కువ. మేం కోనాలో ఒక కాండో తీసుకున్నాం, వెబ్‌సైట్‌లో చూపించిన రేటు ఒకటి, క్లీనింగ్ ఫీజు, పార్కింగ్ కలిపాక కట్టింది ఇంకొకటి, ఏసీ కూడా ఒక్క గదిలోనే. మళ్ళీ వెళ్తే వైమియాలో ఉంటా, ఎత్తులో ఉంటుంది కాబట్టి చల్లగా ఉంటుంది, కోహాలాకి దగ్గర. కారు లేకుండా కుదరదు.

తిండికి శాకాహారులు ఇబ్బంది పడతారు, రైస్ కుక్కర్ పెట్టుకెళ్ళండి. 'పోయి' (poi) అనే అక్కడి వంటకం మాత్రం రుచి చూడండి, చేమదుంప ఉడకబెట్టి మెత్తగా దంచింది, కొంచెం పులిసింది ఇంకా బావుంటుంది, అత్తయ్య అందులో ఆవకాయ నంజుకుని రెండోసారి పెట్టించుకుంది.