మా 1966 పాంటియాక్ జీటీఓకు అడుగు రేకు వేసిన షాపు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ నగరానికి ఉత్తరాన, మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న ఒక చిన్న రేకుపని షాపు గురించి రాస్తున్నాను. యజమానితో కలిపి అందులో ముగ్గురే పనిచేస్తారు. చేతిలో రెండేళ్ళకు సరిపడా బండ్లున్నాయని, పేరు బయట పెట్టవద్దని ఆయన కోరారు కనుక రాయడం లేదు. అయినా, పాత అమెరికన్ కన్వర్టిబుల్‌ను, అంటే గుడ్డ టాపును మడిచేయగల కారును, బాగుచేయించాలనుకునే తెలుగువాళ్ళు ఈ దేశంలో కొందరైనా ఉన్నారు. ఏ షాపుకు వెళ్ళినా ఏమి అడగాలో వాళ్ళకు నా అనుభవం చెబుతుంది.

బండి 1966 పాంటియాక్ (జనరల్ మోటార్స్ వారి బ్రాండు) జీటీఓ కన్వర్టిబుల్. 389 ఘనపు అంగుళాల ఇంజను, నాలుగు బ్యారెళ్ళ కార్బ్యురేటర్, 335 హార్స్‌పవర్. ఆ ఏడాది 96,946 జీటీఓలు తయారైతే, వాటిలో కన్వర్టిబుళ్ళు 12,798 మాత్రమే. ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ ఊరేగుతాయి. 1995 నుంచి సాగుతున్న ఆ డ్రీమ్ క్రూజ్‌లో ఫెర్న్‌డేల్ దగ్గర నిలబడి, నిలువుగా పేర్చిన జంట దీపాలతో ఒక జీటీఓ నా ముందు నుంచి వెళ్ళడం చూసిన రోజే ఇది కావాలనుకున్నాను. కొనడానికి 2021 వరకు పట్టింది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా టింకరింగ్ చేశారు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, జీపులు. వానాకాలం వెళ్ళగానే ఆయన షెడ్డుకు వచ్చే బండ్లలో సగం అడుగు రేకు పోయినవే. రబ్బరు మ్యాటు కింద చేరిన నీరు ఆరక, నెలల తరబడి రేకును తినేసేది. బడి నుంచి వచ్చాక ఆ సుత్తి చప్పుళ్ళ మధ్యే నేను లెక్కలు చేసుకునేదాన్ని. అందుకే బండి చూడటానికి వెళ్ళినప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్ళాను. ఫెండర్ల కింది మూలల్లో, వెనుక చక్రాల వెనక అది అతుక్కోలేదు. అక్కడ రేకుకు బదులు పుట్టీ ఉందన్నమాట. ఆ లెక్కన బేరమాడాను. కానీ బండి కింద అంతా దట్టంగా తారు పూసి ఉంది, లోపల కొత్త తివాచీ పరిచి ఉంది. దాన్ని ఎత్తి చూపమని పట్టుబట్టలేదు. అది నా తప్పు.

ఇంటికి తెచ్చి సీట్లు విప్పాక అసలు సంగతి బయటపడింది. డ్రైవరు పాదాలు ఆనే చోట బండి రేకే లేదు. ఒక గాల్వనైజ్డ్ రేకు ముక్కను రివెట్లతో బిగించి, సందుల్లో తారు కుక్కారు. పైన పటారం, లోన లొటారం. ఈ రాష్ట్రంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద దాదాపు 1,200 అడుగుల లోతులో ఉప్పు గనే ఉంది. కన్వర్టిబుల్‌కు పైనుంచి గుడ్డ టాపు అంచుల్లో కారే వాన, కిందనుంచి ఆ ఉప్పునీరు. తివాచీ కింద వేసే జనపనార మెత్త రెండింటినీ పీల్చి పట్టుకుంటుంది. నీరు పోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు మట్టితో మూసుకుపోతే ఇక చెప్పనక్కరలేదు.

మూడు షాపులు తిరిగాను. మొదటి రెండు చోట్ల బండిని పైకెత్తి చూసి, అతుకులు వేసి రెండు మూడు వారాల్లో ఇచ్చేస్తామన్నారు. మూడో చోట, అంటే ఈ షాపులో, యజమాని మొదట అడుగు రేకు వైపు చూడనేలేదు. రెండు తలుపులూ మూసి, వాటి వెనుక అంచుకూ బాడీకీ మధ్య సందును కొలిచారు. పైన 3 మిల్లీమీటర్లు, కింద 8. “నడుము వంగింది. ఇలాగే కొత్త అడుగు వేస్తే ఆ వంపు శాశ్వతమవుతుంది” అన్నారు. అక్కడే బండిని వదిలేయాలని నిర్ణయించుకున్నాను.

ఆ మాట వెనుక ఉన్న సంగతి కన్వర్టిబుల్ కొనేవాళ్ళందరికీ తెలియాలి. పైకప్పు ఉన్న కారులో ఆ కప్పు కూడా కొంత బరువు మోస్తుంది. కప్పు తీసేశాక బాడీ మూత లేని అట్టపెట్టె లాంటిది. మధ్యలో ఒత్తితే వంగుతుంది. అందుకే జనరల్ మోటార్స్ ఈ తరహా కన్వర్టిబుళ్ళ ఛాసిస్‌కు (బాడీని మోసే కింది ఇనుప చట్రానికి) పక్క దూలాలను నాలుగు వైపులా మూసిన పెట్టెల్లా చేసింది. తలుపుల కింద పొడవునా ఉండే రాకర్లు, వాటిని కలిపే అడుగు రేకు, దాని కింది అడ్డపట్టీలు మిగతా బలాన్నిస్తాయి. ఇవన్నీ తుప్పు పట్టిన బండిలో రేకును ఒక్కసారిగా కోసేస్తే బాడీ మన కళ్ళ ముందే కూలబడుతుంది.

వీళ్ళు పనిచేసిన వరుసే ఈ షాపుకు నేనిచ్చే మార్కుల్లో పెద్ద భాగం. మొదట బాడీని ఎత్తి పక్కన పెట్టి, ఛాసిస్‌ను ఇసుక బ్లాస్టింగ్ చేసి, మూల నుంచి మూలకు కొలిచి, వెనక ఎడమవైపు ఉన్న కొద్దిపాటి వంకర తీశారు. తరువాత బాడీకీ ఛాసిస్‌కూ మధ్య కొత్త రబ్బరు బుష్‌లు వేసి, పాత బాడీనే ఛాసిస్ మీద మళ్ళీ బిగించారు. బుష్‌ల దగ్గర పలుచటి ఇనుప బిళ్ళలు చేర్చుతూ, తలుపు సందు పైనుంచి కిందివరకు 5 మిల్లీమీటర్లకు వచ్చేదాకా సర్దారు. ఆ స్థితిలో తలుపు గుమ్మాలకు అడ్డంగా, నిలువుగా చదరపు గొట్టాలు వెల్డింగ్ చేసి కదలకుండా కట్టేశారు. ఇంత జరిగాకే కోత మొదలైంది. అంటే కంపెనీ ఇచ్చిన ఛాసిస్‌నే కొలబద్దగా వాడుకున్నారు. అంతవరకే ఐదు వారాలు పట్టింది. ఒక్క కొత్త రేకు కూడా పడని ఆ ఐదు వారాల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కొత్త అడుగు రేకు ముందునుంచి వెనక సీటు దాకా ఒకే ముక్కగా దొరుకుతుంది. మేము తెప్పించింది 18 గేజ్, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం. నల్లటి పూతతో వస్తుంది. ఆ పూత తెచ్చేదారిలో తుప్పు పట్టకుండా వేసేది, వెల్డింగ్ చేసే చోట గీకేయాలి. పాత రేకును తీసేటప్పుడు వెల్డర్ కట్టర్‌తో చరచరా కోయలేదు. ఫ్యాక్టరీ వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటిగా వెతికి, డ్రిల్లుతో తొలిచి, అతుకు అంచు చెడకుండా విప్పారు. కొత్త రేకులో మళ్ళీ అవే దూరాల్లో రంధ్రాలు వేసి, కింది రేకు మీద తుప్పు పట్టకుండా జింకు ప్రైమర్ అనే పూత కొట్టి, రంధ్రాలను వెల్డింగ్‌తో నింపారు. పూర్తయ్యాక చూస్తే ఫ్యాక్టరీ చుక్కలకూ వీటికీ తేడా కనిపెట్టడానికి చాలా దగ్గరగా చూడాలి. ఆ చుక్కల మీద తివాచీ పడుతుందని, మళ్ళీ ఎవరూ చూడరని ఆయనకు తెలుసు. అయినా వంకరగా పడిన నాలుగింటిని తొలిచి మళ్ళీ వేశారు. అది ఫొటోల్లో కాదు, నేను షాపులో నిలబడి ఉండగా చూశాను.

అడుగు కుదిరాక బాడీని మళ్ళీ ఎత్తి, రెండు కొసలనూ పట్టుకుని గుండ్రంగా తిప్పే స్టాండుకు బిగించారు. బోర్లా తిప్పి కిందివైపు శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అతుకుల్లో నీరు దూరకుండా సీలర్ వేశారు. రాకర్ల లోపలికి సన్నటి గొట్టంతో మైనం కొట్టారు. ముందు సీలర్ పూసి దానిమీద ప్రైమర్ కొట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే సీలర్ కింద ఉన్నది వట్టి రేకే. మీ షాపును ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇప్పుడు నచ్చనివి. డిక్కీ అడుగు రేకు నేనే ఒక అమ్మకందారు దగ్గర తెప్పించాను. అది ఒక పక్క దాదాపు సెంటీమీటరు పొట్టిగా వచ్చింది. వెనక్కి పంపుదామా అని షాపువాళ్ళు నన్ను అడగలేదు. కోసి, మధ్యలో పట్టీ వేసి వెడల్పు చేసి, పదకొండు గంటల కూలీ బిల్లులో చేర్చారు. పని బాగుంది, కానీ ముందు ఒక ఫోను చేయవలసింది. ఆ మాటే అన్నాను. యజమాని వాదించకుండా బిల్లు చూసి సగం తీసేశారు. రెండోది, ప్రతి శుక్రవారం ఫొటోలు పంపుతామన్నవాళ్ళు జనవరి, ఫిబ్రవరిలో ఆరు వారాలు ఒక్కటీ పంపలేదు. పని ఆగలేదని తరువాత తెలిసింది గానీ, ఆ ఆరు వారాలు నాకు నిద్ర సరిగా పట్టలేదు. అడ్వాన్సు కట్టి, ముక్కలైన బండిని ఎనభై మైళ్ళ దూరంలో వదిలి వచ్చిన మనిషికి ఒక్క ఫొటో ఎంత ధైర్యమో వాళ్ళు ఆలోచించాలి.

బాడీ పైరేకుల పని గురించి కొద్దిగా. బానెట్, తలుపుల వంటి వెడల్పు రేకులకు ఇసుక వాడలేదు. ఇసుక దెబ్బలకు రేకు సాగి అలలు తేలుతుంది. అందుకే రసాయనంతో రంగు ఊడదీశారు. వెనుక క్వార్టర్ ప్యానెళ్ళు, అంటే వెనక చక్రాల చుట్టూ ఉండే పక్క రేకులు, పూర్తిగా కొత్తవి వేయించాలని నేననుకున్నాను. పై సగం బాగుంది, అది ఫ్యాక్టరీ రేకు, దాన్ని పారేయవద్దని యజమాని ఆపారు. చక్రం కింది భాగమే కోసి, అంచుకు అంచు కలిపి, వేడికి వంగకుండా చుక్క ఇక్కడొకటి, చల్లారాక జానెడు దూరంలో మరొకటి పెట్టుకుంటూ అతికారు. బండి నేను కొన్నప్పుడు ఎర్రగా ఉంది. ఇంజనుకూ సీట్లకూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్ మీద, బాడీ తయారుచేసిన ఫిషర్ బాడీ విభాగం బిగించిన పలకలో 24267 అన్న మోడల్ అంకెతో పాటు ఉన్న రంగు కోడ్ బారియర్ బ్లూ అని చెబుతోంది. డాష్‌బోర్డు విప్పితే దాని వెనక ఆ నీలమే బయటపడింది. మళ్ళీ ఆ రంగే వేయిస్తున్నాను. ఎడమ తలుపు స్తంభం మీది సీరియల్ నంబరు పలకను వాళ్ళు కప్పిపెట్టారే తప్ప రివెట్లు ముట్టుకోలేదు. ఆ పలకను విప్పడం ఇక్కడ నేరానికి దారితీసే పని, ఆ జాగ్రత్త లేని షాపుకు బండి ఇవ్వవద్దు.

ఖర్చు దాచను. మొదటి అంచనా 300 నుంచి 340 గంటలు. చివరికి 422 గంటలైంది. గంటకు 85 డాలర్ల చొప్పున 35,870, విడిభాగాలు, సామగ్రికి 9,200, మొత్తం 45,070 డాలర్లు. రంగు దీనిలో లేదు. పద్దెనిమిది నెలలు పట్టింది. బండి కొన్న ధర కంటే ఇది ఎక్కువ. అంత పెట్టగలిగితేనే దిగాలి, లేదా రేకు గట్టిగా ఉన్న బండికి ముందే ఎక్కువిచ్చి కొనుక్కోవడం మంచిది.

ప్రైమర్‌లో ఉండగా షాపు నుంచే నాన్నకు వీడియో కాల్ చేశాను. బానెట్ చూపించబోతే, “అది తరువాత చూద్దాం తల్లీ, తలుపు సందు చూపించు” అన్నారు. చూపించాను. తరువాత కిందికి వంగి రాకర్ దగ్గర చుక్కలు చూపించమన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వెల్డర్‌ను ఫోను దగ్గరకు పిలవమన్నారు. ఆయనకు తెలుగు రాదు, నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నాన్న చేతులు జోడించి నమస్కారం పెట్టారు. ఆయన గ్లవ్ తీసి, అలాగే చేతులు జోడించారు.

డిక్కీ మూత కుడి మూల ఇంకా 2 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. రంగు వేసే ముందు, అక్టోబరు రెండో వారంలో తెమ్మన్నారు. కీలు సర్దడానికి డబ్బు తీసుకోబోమని కాగితం మీద రాసిచ్చారు.