ఎండ కొలిచే మీటరు: మూడు వేలదా, ఇరవై వేలదా?

మా ఇంట్లో ఇగ్వానా, అంటే ఒక జాతి పెద్ద బల్లి, ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించిందే. (నక్షత్ర తాబేలుకు ఏ లైటు పెట్టాలని నన్ను అడక్కండి, దాన్ని ఇంట్లో పెంచడమే నేరం.) రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలున్న నెల్లూరులో బల్లికి ఎండ లైటేమిట్రా అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. అద్దాల పెట్టెను ఆ ఎండలో పెడితే లోపలున్న ప్రాణి కాసేపటికే ఉడికిపోతుంది. కిటికీ లోపల పెడదామంటే, ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని అద్దం దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఒంట్లో డి3 విటమిన్ తయారవడానికి కావలసింది ఆ యూవీబీనే. అందుకే యూవీబీ ఇచ్చే ట్యూబ్‌లైటు.

ట్యూబ్‌తో చిక్కేమిటంటే, వెలుతురు ఎప్పటిలాగే ఉంటుంది, యూవీబీ మాత్రం నెలనెలా తగ్గిపోతుంది. మన కంటికి తెలియదు. తెలిసేసరికి డి3 చాలక బల్లి దవడ మెత్తబడి, కాళ్లు వంకరపోతాయి. కాబట్టి కొలవాలి. దేనితో?

రంగు మారే కార్డుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కొన్ని వందల్లో వస్తాయి. లైటు కింద పెడితే ఊదారంగు తేలుతుంది. యూవీ ఏదో ఉందని తెలుస్తుంది, ఎంతో తెలియదు. పిల్లలకు చూపించడానికి బాగుంటాయి.

అసలు పోటీ మీటర్ల మధ్య. నేను ముందు కొన్నది మూడు వేలది. 'ఇదీ యూవీ మీటరే సార్' అన్నాడు అమ్మినాయన. అబద్ధం కాదు. అది పట్టే కిరణాల తరంగదైర్ఘ్యం 290 నుంచి 390 నానోమీటర్లని పెట్టె మీద రాసుంది. డి3కి పనికొచ్చే యూవీబీ అందులో 315 లోపలి ముక్కే, మిగతాదంతా యూవీఏ అనే వేరే రకం. ఏడాది వాడిన ట్యూబ్ కింద, కొత్త ట్యూబ్ కింద పెట్టి చూస్తే రెండు చోట్లా ఇంచుమించు ఒకే అంకె. పాతది ఇంకా గట్టిదేనని మురిసిపోయాను.

తర్వాత స్నేహితుడి సోలార్‌మీటర్ 6.5 అనే మోడల్ (ఇరవై వేలది ఇదే) చేతికొచ్చింది. ఉదయం పది గంటలకు రెండూ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట చెయ్యి చాపితే సోలార్‌మీటర్ 8 దాటింది. అద్దం మూసి లోపలి నుంచి పెడితే సున్నా పక్కకు దిగింది. మూడు వేలది మాత్రం అద్దం వెనక కూడా సగానికి పైగా చూపిస్తూనే ఉంది. పాత ట్యూబ్ కింద సోలార్‌మీటర్ 1.1 అంది. ఇందుకూరుపేటలో రొయ్యల చెరువులు చేసే మా బాబాయికి చెబితే, "ఉప్పు చూసే మీటరు పెట్టి ఆక్సిజన్ ఎంతుందంటే ఎట్టా చెప్తుంది రా?" అన్నాడు. అంతకన్నా వివరంగా నేనూ చెప్పలేను.

సోలార్‌మీటర్ 6.5 చూపేది యూవీ ఇండెక్స్, ఫోన్‌లో వాతావరణం యాప్ చూపే లెక్కే. దీనితో ఒక సుఖముంది. మబ్బు లేని రోజు మీటరును నడినెత్తి ఆకాశం వైపు పెట్టి, యాప్ అంకెతో పోల్చి సరిచూసుకోవచ్చు. ఎంత ఉండాలన్నదీ ఇదే లెక్కలో దొరుకుతుంది. 2010లో గ్యారీ ఫెర్గూసన్ బృందం బల్లులూ పాములూ బయట ఎంత యూవీలో తిరుగుతున్నాయో కొలిచి, తక్కువ ఎండ నుంచి ఎక్కువ ఎండ వరకు వాటిని నాలుగు జోన్లుగా విడగొట్టింది. ఇగ్వానాను మూడో జోన్‌లో లెక్కేస్తారు. ఎండ కాచుకునే కొమ్మ మీద, దాని వీపు ఎత్తులో, 3 నుంచి 5 మధ్య వచ్చేలా చూస్తాను. కొత్త ట్యూబ్ కింద అడుగు దూరంలో నాకు 4.8 వచ్చింది. మధ్యలో పైమూత జాలీ పెట్టగానే 3.1. ఆ జాలీ అంత తినేస్తుందని మీటరు లేకపోతే నాకు తెలిసేదే కాదు.

ధర దగ్గరే గుండె గుభేలుమంటుంది. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి ఇరవై వేలకు పైమాటే. ఒక్క బల్లి కోసం కొనమని నేను చెప్పను. మూడు వేలదీ వద్దు, దానికన్నా అసలు మీటరే లేకపోవడం నయం. ఆ డబ్బుతో మంచి కంపెనీ టీ5 (సన్న రకం) యూవీబీ ట్యూబ్ కొని, బిగించిన తేదీ దాని చివర మార్కర్‌తో రాసి, కంపెనీ చెప్పిన దూరంలో పెట్టి, ఏడాదికి తీసేయండి. వెలుగుతోంది కదా అని ఉంచొద్దు. చిన్న కాంపాక్ట్ బల్బయితే ఆరు నెలలకే మార్చేస్తాను.

రెండు మూడు పెట్టెలున్నా, జాలీ మార్చినా, కొమ్మ ఎత్తు మార్చినా మాత్రం తేదీ లెక్క చాలదు. మేం నలుగురం కలిసి ఒక 6.5 కొనుక్కున్నాం, మనిషికి ఐదు వేల పైన పడింది. కొత్త ట్యూబ్ పెట్టిన రోజు ఒకసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రస్తుతం అది ఒంగోలులో ఉంది. కావలిలో ఉండే అతని వంతు అయ్యాక వచ్చే నెల నా చేతికొస్తుంది.