బోల్టు ఎత్తడం బరువైతే: గ్రీజా, తేలిక స్ప్రింగా?

రెమింగ్టన్ 700, మౌజర్ 98 రైఫిళ్లలో బోల్టు (తూటా వెనుక గొట్టాన్ని మూసే కడ్డీ) పిడి ఎత్తేటప్పుడే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) స్ప్రింగు నొక్కుకుంటుంది. బరువు ప్రధానంగా అక్కడిదే.

ఖర్చు: గ్రీజుకు స్వల్పం, స్ప్రింగుకు కొంత ఎక్కువ.

శ్రమ: తూటాలన్నీ తీసేశాక పిన్‌ను వెనక్కి నెట్టే వాలు అంచైన క్యామ్‌ను, బోల్టును మూసి పట్టే పళ్లైన లగ్గులను తుడిచి పలుచగా గ్రీజు రాస్తే చాలు. స్ప్రింగు మార్చాలంటే బోల్టు విప్పాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. స్ప్రింగు బలం తగ్గితే పిన్ దెబ్బ మందగిస్తుంది, తూటా పేలకపోవచ్చు. వేటలో అది నాకు ససేమిరా వద్దు. గ్రీజుతో ఆ భయం లేదు. గడ్డకట్టే చలిలో మాత్రం పలుచనిది వాడాలి.

పొడి బోల్టుకు గ్రీజే మందు. గ్రీజు రాసినా బరువు తగ్గని గురి పోటీల రైఫిలుకైతే స్ప్రింగు మార్పు, అదీ తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చేతిలో. కాల్చిన తర్వాతే బిగుస్తుంటే రెండూ వద్దు. తూటా పీడనం ఎక్కువై ఉండవచ్చు, కాల్చడం ఆపి చూపించండి.