ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉంటే ఆల్కలైన్ వాటర్ మెషిన్ జోలికి పోకండి

లక్షా ముప్పై వేలు పోసి కొన్నాం. డబ్బు సంగతి అలా ఉంచండి, దానివల్ల నాన్న ఐసీయూ దాకా వెళ్లారు. అందుకే రాస్తున్నాను.

నాన్నకి నాలుగేళ్లుగా కిడ్నీ జబ్బు. రక్తంలో యాసిడ్ పెరగకుండా డాక్టర్ రోజూ సోడా బైకార్బ్ మాత్రలు వేసుకోమన్నారు. బంధువుల ద్వారా తెలిసిన ఒకాయన ఇంటికొచ్చి డెమో ఇచ్చాడు. మా కుళాయి నీళ్లలో చుక్కల మందు వేస్తే ఆకుపచ్చ, మెషిన్ నీళ్లలో వేస్తే ఊదా రంగు. తర్వాత నాన్న మూత్రంలో పట్టీ ముంచి, "చూడండి, 5.5. ఒళ్లంతా యాసిడే" అన్నాడు. ఈ నీళ్లు తాగితే ఆ మాత్రలతో పనే లేదన్నాడు. నాన్న నమ్మారు, నేనూ నమ్మాను. మాత్రలు ఆపేశాం.

ఐదో వారానికి నాన్నకి ఎగశ్వాస మొదలైంది. మంచం మీద కూర్చునే ఉన్నారు, కానీ మూడంతస్తులు మెట్లెక్కి వచ్చినట్టు లోతుగా, గబగబా ఊపిరి తీస్తున్నారు. ఆక్సీమీటర్ పెడితే 98. ఆక్సిజన్ బాగానే ఉంది కదా అని ఆ రాత్రంతా ఊరుకున్నాం. మా పెద్ద తప్పు అదే.

పొద్దున ఆసుపత్రిలో మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చూశారు. పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువని అర్థం) 7.28, బైకార్బనేట్ (యాసిడ్‌ని విరిచే క్షారం) 12, కార్బన్ డై ఆక్సైడ్ 26. మామూలుగా పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య, బైకార్బనేట్ 22 నుంచి 26 మధ్య ఉండాలట.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. మనం ఎంత వేగంగా ఊపిరి తీయాలో మెదడు అడుగుభాగంలోని మెడుల్లా నిర్ణయిస్తుంది. అది మామూలుగా చూసేది ఆక్సిజన్ కన్నా కార్బన్ డై ఆక్సైడ్‌నీ, యాసిడ్‌నీ. కార్బన్ డై ఆక్సైడ్ రక్తంలో కలిస్తే యాసిడ్ అవుతుంది కాబట్టి, యాసిడ్ పెరిగిందని తెలియగానే ఊపిరి వేగం పెంచి దాన్ని బయటికి తోసేస్తుంది. ఊపిరితిత్తులు ఈ పని నిమిషాల్లో మొదలుపెడతాయి. మిగతా యాసిడ్‌ని మూత్రంలోకి పంపి, బైకార్బనేట్‌ని తిరిగి నింపేది కిడ్నీలు, వాటికి రోజులు పడుతుంది. నాన్న కిడ్నీలు ఆ పని సరిగా చేయలేవు. ఆ లోటు తీర్చేవి ఆ మాత్రలే. వాటిని మేం ఆపేస్తే, భారమంతా ఊపిరితిత్తుల మీద పడింది. కార్బన్ డై ఆక్సైడ్ 26కి పడిపోయింది అందుకే.

మరి ఆ పట్టీ? మూత్రం పీహెచ్ మనిషికి 4.5 నుంచి 8 దాకా మారుతూనే ఉంటుంది. 5.5 అంటే కిడ్నీ ఎంతో కొంత యాసిడ్‌ని బయటికి పంపుతోందని అర్థం. దాన్ని చూపించి రక్తం సంగతి చెప్పడం పచ్చి మోసం. ఇక ఆ నీళ్లలో ఉండే కాస్త క్షారం కడుపులోని యాసిడ్ తగలగానే విరిగిపోతుంది.

మెషిన్ వెనక్కి తీసుకోమంటే, వాడిన సరుకు తీసుకోం అన్నారు. మాత్రలు ఆపమని తాము చెప్పలేదనీ అన్నారు. కాగితం మీద ఏమీ లేదు మరి. బిల్లు, వాట్సాప్ మెసేజీలు జత చేసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. మీ ఇంటికీ ఇలాంటివాళ్లు వస్తే, రోగాల గురించి చెప్పే ప్రతి మాటా రాసి సంతకం పెట్టమని అడగండి. కిడ్నీ పేషెంట్లకి ఊపిరి వేగం పెరిగితే ఆక్సీమీటర్ 98 చూపించినా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాన్న మళ్లీ మాత్రలు వేసుకుంటున్నారు. మొన్నటి టెస్టులో బైకార్బనేట్ 21కి వచ్చింది.