మ్యూనిక్‌లో ఆరు నెలలు: మనవాళ్ల ఫ్లాటా, 'వేగే' అనే షేరింగ్ ఫ్లాటా, స్టూడియోనా?

ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కోసం జర్మనీలోని మ్యూనిక్‌లో గది వెతికేటప్పుడు ముందు అద్దె సంగతి అడక్కండి. "ఈ అడ్రస్ మీద అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" అని అడగండి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడమే అన్‌మెల్డుంగ్. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకంతో ఒక కాగితం కావాలి. ఆ నమోదు అయ్యాకే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది లేకపోతే జీతంలో పన్ను ఎక్కువ కోసే అవకాశం ఉంది. రెసిడెన్స్ పర్మిట్ పనీ ఆగిపోతుంది. నేను మొదట తీసుకున్న గది చవక. కానీ ఆ ఇంటాయన కాగితం ఇవ్వనన్నాడు. ఆ నెలంతా టెన్షన్‌తోనే గడిచింది.

మనవాళ్లు నలుగురు కలిసి ఉండే ఫ్లాట్లో ఈ చిక్కు తరచుగా వస్తుంది. అసలు అగ్రిమెంట్ ఒకరి పేరు మీద ఉంటుంది, మిగతావాళ్లు సర్దుకుని ఉంటారు. దిగిన రోజు రాత్రి వేడి అన్నం, పప్పు పెట్టి, సిమ్ కార్డు దగ్గర్నుంచి టికెట్ దాకా అన్నీ చెప్పే అన్నయ్యలు దొరకడం అదృష్టమే. మొదటి రెండు వారాలకు అంతకన్నా మంచి చోటు లేదు. ఆరు నెలలూ అక్కడే ఉంటే మాత్రం ఆఫీసు నుంచి వచ్చాక జర్మన్ ముక్క నోట్లోంచి రాదు.

స్టూడియోలో, అంటే ఒక్కరే ఉండే ఒంటిగది ఫ్లాట్లో, ఎవరి గొడవా ఉండదు. వంట మీ ఇష్టం. కానీ అద్దెల్లో మ్యూనిక్ జర్మనీకే ముందుంటుంది. డిపాజిట్ కింద మూడు నెలల అద్దె దాకా అడిగే హక్కు ఇంటివాళ్లకు చట్టమే ఇచ్చింది. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు ఇంటికి ఒకటి చొప్పున కట్టాలి, ఒంటరిగా ఉంటే అంతా మీదే. ఊరి బయట ఫ్రైజింగ్ వైపు వెతికితే కొంత నయం. లోకల్ రైళ్లకు, బస్సులకు దేశమంతా చెల్లే నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్ టికెట్ ధర 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, ఎంత దూరం నుంచి వచ్చినా అంతే. డబ్బు కన్నా బరువైనది ఆదివారం. సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూత. నవంబరులో సాయంత్రం ఐదుకల్లా చీకటి పడుతుంది. ఆ గదిలో ఒక్కరే కూర్చోవడం ఎలా ఉంటుందో ఫోటోల్లో తెలియదు.

ఇక వేగే, అంటే కొంతమంది ఒకే ఫ్లాట్లో తలా ఒక గది తీసుకుని ఉండటం. ఇంటర్న్‌లకు నా ఓటు దీనికే. సెమిస్టర్‌కు వేరే ఊరు వెళ్లినవాళ్లు తమ గదిని కొన్ని నెలలకు ఇస్తారు, దాన్ని ట్స్విషెన్‌మీటె అంటారు. సామాను కొనే పని ఉండదు. గది దొరకడమే కష్టం. ముందు వాళ్లు మిమ్మల్ని చూసి, మాట్లాడి, నచ్చితేనే రమ్మంటారు. నన్ను చాలామంది కాదన్నారు. వెళ్లాక ఎవరు ఏ వారం ఊడవాలో గోడమీద చార్టు ఉంటుంది, రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు. మా ఇంట్లో పోపు పెట్టిన ప్రతిసారీ, బయట ఎంత చలిగా ఉన్నా, కిటికీలు బార్లా తెరవాల్సి వచ్చేది. మొదట మనసు చివుక్కుమంది. అక్కడ వంట చేసినా చేయకపోయినా రోజూ అలాగే గాలి మార్చుకుంటారని తర్వాత తెలిసింది. ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం అర్థం కాక కూర్చుంటే, పక్కగది అమ్మాయి టీ తాగుతూ వాక్యం వాక్యం చదివి చెప్పింది. ఆదివారాల్లో ఈజార్ నది ఒడ్డుకు నడిచి వెళ్లేవాళ్లం.

గది ఏదైనా సరే, చేరిన రోజే పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించండి. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. పన్ను నంబరు వచ్చేది ఆ ఉత్తరంలోనే.