అన్నీ పెట్టారు, ఒక్క గీత తప్ప: ట్రైనింగ్ గ్రిప్‌తో ఏడాది పైగా

ఈ గోల్ఫ్ ట్రైనింగ్ గ్రిప్ మీద నా కోపమంతా ఒక్క గీత గురించే. ఇది గోల్ఫ్ కర్ర (క్లబ్) పిడికి తొడిగే రబ్బరు అచ్చు, చేతులు ఎలా పట్టుకోవాలో నేర్పడానికి. వేళ్లకు గాడులు తీశారు, బొటనవేళ్లకు పల్లాలు పెట్టారు, ఏ వేలు ఎక్కడ ఆగాలో అక్కడ గట్టు కట్టారు. ఇంత శ్రమపడ్డవాళ్లు, క్లబ్‌కు తొడిగేటప్పుడు దీన్ని ఎటువైపు తిప్పి పెట్టాలో చెప్పే చిన్న గీత మాత్రం వేయలేదు. ఆ గీత లేనందుకు నేనెంత తిప్పలు పడ్డానో తర్వాత చెప్తాను. ముందు మంచి మాటలు, ఎందుకంటే అవీ ఉన్నాయి.

నాది క్లబ్‌కు ఉన్న గ్రిప్ (పిడి తొడుగు) మీదే నొక్కి తొడిగే రకం. పాత గ్రిప్ కోసి తీసేసి, టేపు చుట్టి ఎక్కించే రకం వేరే ఉంది, దాని సంగతి ఇక్కడ లేదు. సెవెన్ ఐరన్‌కు, అంటే మధ్యరకం దూరాలకు వాడే ఇనుప తల క్లబ్‌కు, తొడిగి వాడాను. నాది కుడిచేతి వాటం, కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదువుకోండి.

ఎడమచేతిని కుదర్చడంలో దీనికి సాటి లేదు. క్లబ్‌ను అరచేతిలో కాదు, వేళ్లలో పట్టుకోవాలని నేర్పేవాళ్లంతా చెప్తారు. చెప్పడం తేలికే. అరచేతిలో పడితే గట్టిగా దొరికినట్టు ఉంటుంది కాబట్టి చెయ్యి దానంతటది అటే పోతుంది. ఇక్కడ ఆ ఆట సాగదు. చూపుడు వేలి మధ్య కణుపు దగ్గర మొదలై చిటికెన వేలి మొదలు దాకా హ్యాండిల్ ఏటవాలుగా పడేలా గాడులు ఉన్నాయి. అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు ఉండే మందపాటి కండ హ్యాండిల్ పైకెక్కి కూర్చుంటేనే వేళ్లు ఆ గాడుల్లో పడతాయి. ఆ కండ పక్కకు జారిందో, చూపుడు వేలు గట్టు మీదికెక్కి నొక్కుకుపోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, వేలే చెప్తుంది.

దీనికి సాక్ష్యం నా గ్లవ్‌లు. ఇదివరకు ప్రతి గ్లవ్ సరిగ్గా ఆ కండ దగ్గరే అరిగి చిల్లు పడేది. తోలు నాణ్యత అంతే అనుకునేవాణ్ణి. హ్యాండిల్ అరచేతిలో ఉండి, స్వింగ్ చేసినప్పుడల్లా అక్కడ రాపిడి జరిగితే అలాగే అరుగుతుందట. ఇది వాడటం మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఆ చిల్లు పడటం ఆగిపోయింది. ఇప్పుడు గ్లవ్ పాతబడితే మొత్తంగా పాతబడుతోంది, ఒక్కచోట చిరగడం లేదు.

కుడిచేతి గురించి అంత పొగడలేను. అరచేతిలో బొటనవేలి చుట్టూ తిరిగే జీవన రేఖ ఎడమ బొటనవేలిని కప్పాలి, అది బాగానే కుదిర్చింది. కానీ చిటికెన వేలి చోటు మాత్రం ఓవర్‌ల్యాప్ పట్టుకునేవాళ్ల కోసమే చేశారు. కుడి చిటికెన వేలిని ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల సందు మీద ఆనించే ఆ పద్ధతికి హ్యారీ వార్డన్ పేరు స్థిరపడింది. 1896కూ 1914కూ మధ్య ఆయన బ్రిటిష్ ఓపెన్ 6 సార్లు గెలిచాడు కాబట్టి కాదనడానికి మనమెవరం. అయితే నా వేళ్లు పొట్టివి, నేను కుడి చిటికెన వేలినీ ఎడమ చూపుడు వేలినీ పెనవేసే ఇంటర్‌లాక్ పట్టుకుంటాను. జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ పట్టు కూడా ఇంటర్‌లాకే. నా చిటికెన వేలికి ఈ రబ్బరులో చోటు లేదు, మొదటి వారాల్లో అక్కడ ఒరుసుకుపోయింది కూడా.

ఇక అసలు కథ.

నాకు మొదటినుంచీ స్లైస్ జబ్బు. బంతి తిన్నగా బయలుదేరి కుడివైపు ఒంపు తిరిగి పొదల్లో పడేది. ఈ గ్రిప్ తొడిగాక ఒంపు తగ్గింది. కొన్నాళ్లకు తిన్నగా పోవడం మొదలైంది. ఇంకొన్నాళ్లకు చివర్లో కాస్త ఎడమకు తిరిగే అందమైన డ్రా వచ్చేసింది. ప్రాక్టీసు చేసే రేంజ్‌లో పక్కవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. ఆ రోజుల్లో ఎవరడిగినా దీన్ని కొనమనే చెప్పాను. తర్వాత ఆ డ్రా పెరిగి పెరిగి హుక్ అయింది. సెవెన్ ఐరన్ బంతి ఎడమవైపు కిందికి దూసుకుపోయేది. స్టాన్స్ (నిలబడే తీరు) మార్చాను, బంతి ఉంచే చోటు మార్చాను, తగ్గలేదు. చేతుల మీద అనుమానమే రాలేదు. చేతులు అచ్చులో ఉన్నాయి కదా!

కోచ్ రెండు బంతులు కొట్టించి క్లబ్ ఇమ్మన్నారు. నా స్వింగ్ గురించి ఒక్క మాటా అనలేదు. క్లబ్‌ఫేస్‌ను, అంటే బంతికి తగిలే ముఖాన్ని, నేల మీద సూటిగా ఆనించి, పైనుంచి చూడమన్నారు. ట్రైనింగ్ గ్రిప్ కింద, పాత గ్రిప్ కొస కొంచెం బయటికి ఉంటుంది. దాని మీద చిన్న తెల్ల ముద్ర ఒకటుంది. మొదట్లో అది కుడి బొటనవేలి పల్లానికి సరిగ్గా కింద కనిపించేది. ఇప్పుడు ఎడమకు జరిగి, సగమే కనిపిస్తోంది. అంటే పైన తొడిగిన రబ్బరు మొత్తం నెమ్మదిగా కుడివైపు తిరిగిపోయింది. ఆయన రెండు వేళ్లతో పట్టి తిప్పితే సీసా మూతలా తిరిగింది.

బంతి ఫేస్ మధ్యలో కాకుండా బయటి కొసకో, కర్ర వైపున్న మడమకో తగిలినప్పుడల్లా క్లబ్ చేతిలో కొంచెం మెలిక పడుతుంది. దానికి చెమట తోడైతే లోపలి రబ్బరు నునుపెక్కుతుంది. ఒక్కరోజులో తిరిగితే ఎవరికైనా తెలిసేది, ఇది రోజుకు వెంట్రుకవాసి చొప్పున తిరిగింది. ఫేస్‌ను సూటిగా పెట్టి అచ్చులో చేతులు పెడితే, చేతులు కూడా కుడికి తిరుగుతాయి. దాన్నే స్ట్రాంగ్ గ్రిప్ అంటారు. స్వింగ్‌లో బంతి దగ్గరికి వచ్చేసరికి చేతులు తమ సహజ స్థితికి వస్తాయి, వాటితోపాటు ఫేస్ మూసుకుంటుంది, బంతి ఎడమకు పోతుంది. కిందికి చూస్తే ఎడమచేతి మీద రెండు కణుపులు కనపడాల్సిన చోట మూడోది కూడా తొంగి చూస్తోంది. నేనా మూడోదానికి కూడా అలవాటుపడిపోయాను.

అందుకే పైన చెప్పిన ఆ అందమైన డ్రాలో గాడుల గొప్పతనం ఎంతో, ఇది తిరిగిపోయిన చలవ ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

అమ్మినవాళ్లకు ఫోటోలతో సహా రాశాను. ‘క్లబ్‌ఫేస్‌కు సూటిగా తొడగండి’ అని డబ్బా మీదున్న వాక్యాన్నే తిప్పి పంపారు. దేన్ని చూసి సూటి అనుకోవాలయ్యా అని మళ్లీ అడిగితే జవాబు లేదు.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. క్లబ్‌ను అడ్డంగా పట్టుకుని, ఫేస్ ముందంచును తలుపు చట్రానికి ఆనిస్తే అది నిలువుగా నిలుస్తుంది. అప్పుడు ట్రైనింగ్ గ్రిప్‌ను బొటనవేళ్ల పల్లాలు పైకి వచ్చేలా తిప్పి, రబ్బరు మీదా పాత గ్రిప్ మీదా కలిసేలా వైట్‌నర్‌తో ఒకే గీత గీశాను. గీత విరిగి కనిపిస్తే గ్రిప్ కదిలినట్టే. దీంతో బంతులు కొట్టడం కూడా చాలావరకు మానేశాను. ఇంట్లో కూర్చుని పట్టుకోవడం, వదలడం, వెంటనే మామూలు క్లబ్ తీసుకుని అదే పట్టు వెతుక్కోవడం, అంతే. తొడిగింది తీసేస్తే హ్యాండిల్ సన్నగా, బోడిగా అనిపిస్తుంది కాబట్టి ఆ రెండో క్లబ్ లేకపోతే నేర్చుకున్నది చేతికి ఎక్కదు. ఎంత బిగువుగా పట్టుకోవాలో మాత్రం ఇది నేర్పదు. గాడులు ఆపుతాయన్న ధీమాతో నేను బిగించే పడుతున్నానని కోచ్ ఇప్పటికీ అంటారు.

ఆటలోకి దీన్ని ఎలాగూ తీసుకుపోలేం. చేతి ఆకారానికి అచ్చు పోసిన గ్రిప్ నిబంధనలకు విరుద్ధం. గ్రిప్ పొడవునా తిన్నగా సాగే, కొంచెం ఉబ్బెత్తుగా ఉండే ఒక గట్టుకు మాత్రం అనుమతి ఉంది. అలాంటి గట్టున్న గ్రిప్‌లు రెండు క్లబ్‌లకు వేయించుకున్నాను. వేళ్ల కింద ఆ గట్టు తగిలితే క్లబ్ సూటిగా ఉందో లేదో తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే ఈమధ్య నా చెయ్యి దానివైపే ఎక్కువ పోతోంది.

మరి కొనాలా? అరచేతిలో పట్టే అలవాటు వదలనివాళ్లకు, మధ్యమధ్య ఒకసారి చూసి చెప్పే మనిషి ఉన్నవాళ్లకు కొనమంటాను. నాకు కోచ్ ఉన్నారు కాబట్టి హుక్ దగ్గర ఆగింది. ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు ఏం చెప్పాలో తోచడం లేదు, కనీసం తొడిగే రకం బదులు టేపు చుట్టి ఎక్కించే రకం చూడమంటాను. నావి చిన్న చేతులు, పెద్ద చేతులవాళ్లకు ఈ గాడులు ఇరుకవుతాయేమో ఒకసారి పట్టుకు చూశాకే తీసుకోండి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది అస్సలు పనికిరాదు, వాళ్ల అచ్చు వేరే అడగాలి.